రెబ్కా టీచర్ ఇచ్చిన హోంవర్క్

రెబ్కా మా స్కూలుకి డ్రాయింగ్ టీచరుగా వచ్చిన మొదటి వారంలోనే తొమ్మిదో తరగతి పిల్లల రబ్బర్లన్నీ లాగేసుకుంది. వాటిని ఒక స్టీలు డబ్బాలో వేసి స్టాఫ్ రూములో నా పక్కన పెట్టుకుంటే, "ఇవన్నీ ఏం చేసుకుంటారండీ, పులుసు పెడతారా?" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. "తప్పు గీత కాయితం మీద ఉండాలి మేడం. చెరిపేస్తే ఏం తప్పు చేశారో వాళ్ళకే తెలీదు" అంది.

నా పేరు నాగజ్యోతి. ఈ హైస్కూల్లో పదకొండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. చిలకలూరిపేట రోడ్డు నుంచి లోపలికి, నల్లరేగడి చేల మధ్య ఉండే స్కూలది. వెనక గోడ దాటితే మిరపచేలు, ఆ పైన పత్తి. జనవరి దాటిందంటే క్లాసురూములోకి కూడా మిరప ఘాటు వస్తుంది. పిల్లలు తుమ్ముతూనే లెక్కలు చేస్తారు.

రెబ్కాది ఒంగోలు వైపు. నాన్న బుల్లయ్య గోడల మీద బోర్డులు రాసేవాడట. ఆయన పక్కన రంగుడబ్బా పట్టుకుని నిలబడే ఆమె అక్షరం వంపు నేర్చుకుంది. డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు రాసి, ముప్ఫై దాటాక పార్ట్ టైమ్ ఉద్యోగం తెచ్చుకుంది. వారంలో మూడు రోజులే మా స్కూలు. డ్రాయింగ్ పీరియడ్ అంటే మా అందరికీ అప్పనంగా దొరికే పీరియడ్. సిలబస్ అవకపోతే, "రెబ్కా గారూ, ఇవాళ మీ క్లాసు నాకిస్తారా?" అని అడిగేవాళ్ళం. ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఒకసారి నేను వరండాలో పోతుంటే ఆమె క్లాసు వినపడింది. మీకిష్టమైన దృశ్యం గీయమంటే నలభై మందీ ఒకటే గీశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి పారే ఏరు, పక్కన పూరిల్లు.

"ఒరేయ్ కోటేష్, మన ఊళ్ళో కొండ ఎక్కడుందిరా?" అని అడిగింది.

"లేదు టీచర్."

"మరి నువ్వెక్కడ చూశావు?"

"పుస్తకంలో టీచర్."

"సరే. కిటికీలోంచి ఏం కనపడతంది?"

వాడు తల తిప్పి చాలాసేపు చూశాడు. "కోల్డ్ స్టోరేజి గోడ. దాని మీద రెండు కాకులు."

"అది గీయి."

ఆ రోజు నుంచి ఆ క్లాసు పిల్లల కాయితాల్లో కొండలు పోయాయి. ట్రాక్టరు తొట్టి, పత్తికట్టె మోపు, కళ్లంలో మిరపకాయల మీద నడిచే అవ్వ, బోరింగు దగ్గర బిందెలు వచ్చాయి. పెద్ద బొమ్మ మొదలుపెట్టే ముందు కాయితాన్ని ఎనిమిది మడతలు పెట్టించేది. ఒక్కో గడిలో ఒక్కో చిన్న బొమ్మ. అదే విషయం దూరం నుంచి, దగ్గర నుంచి, పైనుంచి, వెనక నుంచి. "మొదటి గడిలో వచ్చేది అందరికీ వచ్చే ఆలోచనే. నీది ఆరో గడిలోనో ఏడో గడిలోనో ఉంటది. అందాకా ఆగు" అని చెప్పేది.

స్తుతి ఆ క్లాసులో ఆఖరి బెంచీ పిల్ల. లెక్కల్లో బాగా వెనకబడ్డది. నేను ఎన్నిసార్లు నిలబెట్టానో నాకే గుర్తులేదు. నిలబడ్డప్పుడు కూడా నోట్సు అంచుల్లో ఏదో గీస్తూ ఉండేది. వాళ్ళమ్మ కరుణమ్మ మిరపకోతలకు పోయేది. నాన్న కోల్డ్ స్టోరేజిలో బస్తాలు మోసేవాడు. ఆ పిల్ల చేతిలో పనితనం మొదట గుర్తుపట్టింది రెబ్కాయే. "మేడం, ఈ పిల్ల గీత చూడండి. వణుకు లేదు, తొందర లేదు" అని ఒకరోజు నాకు చూపించింది. నా పరీక్ష పేపరు వెనక, బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకున్న నేనే ఉన్నాను. పది పన్నెండు గీతలు. నా కుడి భుజం కొంచెం కిందికి ఉంటుందని ఆ బొమ్మ చూశాకే నాకు తెలిసింది.

ఆ సంక్రాంతి సెలవులు అయ్యాక జిల్లా స్థాయి బొమ్మల పోటీ కాయితం వచ్చింది. అంశం 'శ్రమ'. రెబ్కా పది మందిని ఎంచుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళతో కూర్చునేది. స్తుతి ఎనిమిది గళ్ళలోనూ మిరపచేనే పెట్టింది. చేనంతా, వరసగా వంగిన ఆడవాళ్ళు, గంప నెత్తిన పెట్టుకున్న మనిషి. ఏడో గడిలో రెండు చేతులు మాత్రమే ఉన్నాయి. రెబ్కా ఆ గడి మీద వేలు పెట్టింది.

"ఇది మంచిది. కానీ వేళ్ళు ఇట్లా ఉండవేమో. అమ్మ కాయ తెంపేటప్పుడు చెయ్యి ఎట్లా పెడతది?"

స్తుతి ఆలోచించింది. "తెలీదు టీచర్. ఇంటికొచ్చాకే చూస్తా. అప్పటికి చేతులు మజ్జిగలో పెట్టుకునుంటది. మండతయ్యంట."

"అయితే చూడాలి. శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ మనవే. అందరం వెనక చేలోకి పోదాం. నేను ఆ రైతుతో మాట్లాడతా."

ఆ శనివారం పొద్దున ఆ రెండు పీరియడ్లూ అడిగింది నేనే. యూనిట్ టెస్టు మార్కులు సోమవారానికి పంపాలి, తొమ్మిదో తరగతికి ఇంకా పరీక్షే పెట్టలేదు. "వచ్చే వారం పోదురులే రెబ్కా గారూ. చేను ఎక్కడికీ పోదు" అన్నాను. ఆమె మొహంలో కాస్త ఇబ్బంది కనపడింది. అయినా, "సరే మేడం" అంది. క్లాసుకి వెళ్ళి పోటీ పిల్లలతో చెప్పింది. "ఇవాళ కుదర్లేదర్రా. రేపు ఆదివారం కదా. ఎవరికి వీలైతే వాళ్ళు, పని జరిగే చోట కూర్చుని చూసి గీసుకురండి. అదే మీ హోంవర్క్."

స్తుతి నా పరీక్షలో ఆ రోజు పాతిక్కి ఆరు మార్కులు తెచ్చుకుంది.

మర్నాడు ఆదివారం. కోతలు ముమ్మరంగా ఉన్నాయి. రైతు తొందరపెట్టడంతో కోత ముఠా ఆడవాళ్ళు చర్చికి కూడా పోకుండా పొద్దున్నే ఆటో ఎక్కారు. చేను పన్నెండు కిలోమీటర్ల అవతల. స్తుతి నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ళమ్మ వెనకే ఎక్కింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పదిహేను మంది ఉన్నారు. కాలవ కట్ట మీద టైరు పేలి ఆటో దొర్లింది. ఒక ముసలామె అక్కడే పోయింది. స్తుతిని గుంటూరు తీసుకెళ్తుంటే దారిలో పోయింది. కరుణమ్మకి జబ్బ ఎముక విరిగింది.

సోమవారం స్కూలు జరగలేదు. మేమంతా సమాధుల దొడ్డికి వెళ్ళాం. పెట్టె దించుతుంటే రెబ్కా నా పక్కనే నిలబడి ఉంది. ఏడవలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయి మానేశాను. ఆ చెయ్యి పట్టుకునే హక్కు నాకుందా అనిపించింది.

పది రోజుల తర్వాత స్తుతి వాళ్ళింట్లో, ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. పాటలు, ప్రార్థన అయ్యాయి. జనం వెళ్ళిపోయారు. కరుణమ్మ జబ్బకి కట్టుతో గోడకి ఆనుకుని కూర్చుంది. రెబ్కా వెళ్ళి ఆమె ముందు నేల మీద కూలబడింది.

"నేనే చెప్పానమ్మా. పని జరిగే చోటికెళ్ళి చూసి గీయమని నేనే చెప్పాను. నేను చెప్పకపోతే ఆ ఆటో ఎక్కేది కాదు."

కరుణమ్మ జబ్బ కట్టు సర్దుకుంది.

"తెలుసు టీచరమ్మా. వద్దే, ఎండ మాడ్చుద్ది అంటే ఇన్లా. మా టీచర్ చెప్పింది అంది. నీ మీద కోపం రాలేదంటే అబద్ధం. ఆసుపత్రిలో పడుకుని నోటికొచ్చినట్టు తిట్టా. ఇప్పుడు కూడా వచ్చిద్ది."

"తిట్టండి."

"తిడితే ఏమొచ్చిద్దమ్మా." ఆమె బాగున్న చేత్తో చాప అంచు లాగుతూ కూర్చుంది. "ఆ రోజంతా సాలు గట్టున నా ఎదురుగా కూర్చుంది. అమ్మా చెయ్యి తిప్పు, అమ్మా ఆగు, మళ్ళా తెంపు అంట. మా ముఠా వాళ్ళంతా ఒకటే నవ్వు. పుట్టిన కాడ్నించి అది నన్ను అంతసేపు ఎప్పుడు చూసింది? నేను పొద్దున పోతే మాపటికొస్తా. అలిసిపోయి ముద్ద తిని పడుకుంటా. ఆ ఒక్కరోజే చూసింది నన్ను."

అప్పుడు ఏడ్చింది రెబ్కా. ఇద్దరూ ఏడ్చారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, చెప్పాల్సిన నా మాట చెప్పలేకపోయాను.

వచ్చేటప్పుడు కరుణమ్మ ఆ నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. "ఇంట్లో పెట్టుకోలేనమ్మా. నువ్వే ఉంచు." ఆటోలో తిరిగొస్తూ చూశాం. పదకొండు పేజీల నిండా చేతులు. బాల్‌పెన్నుతో గీసినవి. బొటనవేలికి చుట్టుకున్న గుడ్డపీలిక, పగిలిన గోరు, తొడిమ దగ్గర మెలితిప్పే రెండు వేళ్ళు. ఆఖరి పేజీలో చెయ్యి సగమే ఉంది. ఎవరో పిలిస్తే లేచి వెళ్ళినట్టుంది.

మా హెడ్మాస్టరు ఖాజావలి గారు మంచాయన. "పోటీకి ఆ పిల్ల బొమ్మే పంపిద్దామమ్మా. నువ్వు కాస్త సరిచేసి, పెద్ద కాయితం మీదికి ఎక్కించు. పిల్ల పేరన్నా నిలబడుద్ది" అన్నారు.

"అది పూర్తికాలేదు సార్. దాని మీద నా గీత వెయ్యను" అంది రెబ్కా. ఆ ఏడు మా స్కూలు నుంచి పోటీకి ఒక్క బొమ్మా పోలేదు.

ఆ తర్వాత ఆమె పాఠం మారిపోయింది. రబ్బర్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. బోర్డు మీద ఒక పువ్వో, జెండానో గీసి, చూసి దించుకోమనేది. ఎనిమిది మడతల కాయితం మళ్ళీ కనపడలేదు. ఒకరోజు కోటేష్ లేచి, "టీచర్, బయటికెళ్ళి బోరింగు గీయమా?" అని అడిగితే, "కూర్చోరా" అని కసిరింది. ఆమె అలా కసరడం అంతకుముందు ఎవరూ వినలేదు. ఇంకో వారానికి కొండలూ, వాటి మధ్య సూర్యుడూ తిరిగొచ్చేశాయి. ఆ కాయితాలు టేబుల్ మీద పెట్టుకుని ఆమె అన్నిటికీ ఒకేలా టిక్కు పెడుతుంటే నేను ఇక ఉండబట్టలేకపోయాను.

స్టాఫ్ రూములో ఇద్దరమే ఉన్నాం. "రెబ్కా, ఆ శనివారం పీరియడ్లు నేను అడక్కుండా ఉండాల్సింది" అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "అనుకున్నాను మేడం. మొదటి రెండు రోజులూ మీ గురించే అనుకున్నాను. తర్వాత, మీరు అడిగితే నేనెందుకిచ్చాను అనుకున్నా. తర్వాత ఆ రైతు ఒక్కరోజు ఆగొచ్చు కదా, ఆటోవాడు ఆ టైరు మార్చి ఉండాల్సింది కదా అనుకున్నా. ఎటు తిరిగినా చివరికి నా హోంవర్క్ దగ్గరికే వస్తన్నాను."

"నన్ను ఒక్కమాట అంటే నాకు కొంచెం తేలికగా ఉండేది."

"తెలుసు మేడం" అంది మెల్లిగా. "కానీ నాకు అనడానికి ఓపిక లేదు."

ఆ మాటలో కోపం లేదు, క్షమ కూడా లేదు. ఆ తర్వాత నేను ఎవరి పీరియడూ అడగలేదు. దానివల్ల ఎవరికేం ఒరిగిందో నాకు తెలీదు.

జూన్‌లో స్కూళ్ళు తెరిచేసరికి ఆమె కొత్తపట్నం దగ్గర ఒక స్కూలుకి వెళ్ళిపోయింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసేదాన్ని. రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది. కరుణమ్మకి జబ్బ అతుక్కుంది కానీ చెయ్యి పైకి లేవదు. కోతలకు పోలేక ఇప్పుడు మా స్కూల్లోనే మధ్యాహ్న భోజనం వండే వాళ్ళ దగ్గర కూరగాయలు తరుగుతుంది. నేను పలకరిస్తే పలుకుతుంది. తొమ్మిదో తరగతి గది వైపు మాత్రం రాదు.

నిరుడు ఒంగోల్లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, మరుసటి రోజు రెబ్కాని చూడ్డానికి వెళ్ళాను. స్కూల్లో లేదు. పిల్లల్ని తీసుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళిందన్నారు. నమ్మలేక అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. ఒడ్డుకి లాగిన పడవల చుట్టూ పిల్లలు ఇసకలో కూర్చుని అట్టల మీద గీస్తున్నారు. రెబ్కా మధ్యలో నిలబడి ఉంది. నెత్తిన కొంగు, చేతిలో హాజరు పుస్తకం. బాగా చిక్కిపోయింది.

"మళ్ళీ బయటికి తెస్తున్నారా?" అన్నాను.

"ఏడాదిన్నర తేలేదు మేడం. ఇక్కడి పిల్లలు కూడా కొండలే గీస్తున్నారు, ఇంటి ముందు సముద్రం పెట్టుకుని. చూడలేకపోయాను. ఇప్పుడు తెస్తాను, కానీ నేను లేకుండా పంపను. సెలవు రోజున ఏమీ ఇవ్వను."

"మీరు గీస్తున్నారా?"

"లేదు మేడం. బోర్డు మీద చూపించడానికి గీస్తాను, అంతే. ఇంటికెళ్ళాక పెన్సిల్ పట్టుకోలేను."

మాట్లాడుతూనే పిల్లల్ని లెక్కపెడుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ముప్ఫై ఒక్క మందిలో ఒకరు తగ్గారు. "అఖిలా! అఖిలా!" అని అరుస్తూ ఇసకలో పరిగెత్తింది. చెప్పు ఒకటి ఊడిపోయినా ఆగలేదు.

ఆ పిల్ల ఆఖరి పడవ వెనక నీడలో కూర్చుని ఉంది. రెబ్కా వెళ్ళి దాని మణికట్టు పట్టుకుంది. "కనపడేట్టు కూర్చోమని చెప్పానా లేదా?" అంది. పిల్ల బెదిరిపోయి, "ఇక్కడి నుంచి పడవ కట్టిన తాడు బాగా కనపడతంది టీచర్" అని కాయితం చూపించింది.

రెబ్కా ఆ చెయ్యి వదల్లేదు. చాలాసేపు కాయితం వైపు కూడా చూడలేదు. నేను ఆమె చెప్పు తీసుకుని దగ్గరికి వెళ్ళేసరికి ఇసకలో ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉంది. కళ్ళు తుడుచుకుని కాయితం తీసుకుంది.

"తాడు బిగుతుగా గీశావమ్మా" అంది. "అది వదులుగా ఉంది. మళ్ళీ చూడు."