బుడ్డ కోసం సంఘ ప్రార్థన

సహోదరులారా, పద్నాలుగు నెలలపాటు దేవుని దగ్గర దాచలేక, మనుషుల దగ్గర చెప్పలేక, పంచె కుచ్చిళ్లు ముందుకు లాక్కుంటూ బ్రతికినవాణ్ణి నేను. ఆ చీకటి రోజుల సంగతి రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

నాది ప్రొద్దుటూరులో వేరుశనక్కాయల వ్యాపారం. ఆ కాయల్ని మా వైపు బుడ్డలంటారు. మగవాడికి వృషణం వాచి బరువుగా దిగే జబ్బును కూడా బుడ్డ అనే అంటారు. ఈ రెండు అర్థాల నడుమ సందులోనే సాతాను నన్ను నిలబెట్టాడు.

ఒకనాడు స్నానం చేస్తుంటే కుడి పక్కది ఎడమదానికన్నా పెద్దగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందని నాకు నేనే తేల్చుకున్నాను. బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు ఒలిచి పప్పు చూడనిదే కన్నతండ్రి సరుకునైనా కొననివాణ్ణి, నా ఒంటి సరుకును మాత్రం చూడకుండానే బాగుందని ఒప్పుకున్నాను. అది నిమ్మకాయంత అయింది, ఆపైన చీనీకాయంత, అంటే బత్తాయంత అయింది. సైకిలు మానేశాను. కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంటే, వ్యాపారం కలిసొచ్చి బలిసినాడని బజారులో అనుకున్నారు.

పులివెందుల వైపు కాయలకు పోయినప్పుడు ఒక నాటువైద్యునితో నోటిమాటగా చెప్పాను. నేను చూపించలేదు, ఆయన చూడలేదు. ఆకుపసరు ఇచ్చి నలభై రోజులు పథ్యం అన్నాడు. నేను ఇరవైకి దించాను. బేరం గెలిచానన్న సంతోషంతో ఇల్లు చేరాను గానీ, వాపు మాత్రం ఏ బేరానికీ దిగలేదు.

ఇక దేవునితో మొదలుపెట్టాను. “ప్రభువా, సగం తగ్గిస్తే చుట్ట మానేస్తాను, మొత్తం తగ్గిస్తే పొడుము కూడా మానేస్తాను” అని ఇంట్లో మోకరించి పైకే ప్రార్థించాను. పొడుము అలవాటు నాకు ఏనాడూ లేదు. ఆ సంగతి దేవునికి తెలియదనుకున్నాను!

ఆ ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన అవసరతలు అడిగితే నేను లేచి, “నా బుడ్డ సంగతి బాగలేదు, ప్రార్థన చేయండి” అన్నాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు, తక్కెడ మీద చిటికెనవేలు ఆనించడం లాంటిది. సంఘపెద్ద, నాకు వరసకు మామ అయ్యే యోబు మామ లేచి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ చాచి ఎత్తుకున్నాడు: “ప్రభువా, మా అల్లుని బుడ్డలను ఆశీర్వదించుమయ్యా, ఊరంతా చూసి ఆశ్చర్యపడునట్లు వాటిని వృద్ధి చేయుమయ్యా, మోయడానికి బండ్లు చాలకుండా చేయుమయ్యా.” సంఘమంతా ఆమేన్ అంది. నేనొక్కణ్ణే లోలోపల “వద్దు తండ్రీ, వినొద్దు” అని మొరపెట్టుకున్నాను. ఆడవాళ్ల వైపు నా భార్య సుగుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక మాత్రం ఆమె నవ్వలేదు. “ఏమయ్యా, సంఘానికి కాయలని చెప్పినావు, దేవునికి పొడుమని చెప్పినావు, ఇంగ డాక్టరుకు ఏం చెప్తావు?”

“నొప్పి లేదు గదే.”

“నొప్పి లేదు, నొప్పి లేదు అంటాండావు. రేపు నీకేమన్నా అయితే ఆ నొప్పి పడేది నేను. జమ్మలమడుగు బస్సు యాడ ఎక్కాలో నీకు తెల్సు, లెయ్.”

ఆ బస్సులో సీటు దొరికినా నిలబడే పోయాను. మిషను ఆసుపత్రిలో డాక్టరుగారు ఎన్నాళ్లనుంచి అని అడిగారు. రెండు నెలలన్నాను. “అప్పా, నేను కొనేవాణ్ణి గాదు, సరిగ్గా చెప్పు” అన్నారాయన. ఆరు అన్నాను. తెర అవతలినుంచి సుగుణమ్మ “పద్నాలుగు” అంది.

ఆయన కిటికీలు మూయించి బ్యాటరీ లైటు తీశారు. “వెలుతురు అవతలికి దాటితే లోపల ఉండేది నీళ్లు, తీసేస్తే సరిపోతాది. దాటకపోతే గట్టి గడ్డేమో అని అనుమానించాల. అట్లాంటి గడ్డ శానామందికి నొప్పే ఉండదు, అదే దాని మోసం. అదైతే ఆ పక్కది తీసేయాల, ఆలస్యమైతే మనిషే దక్కడు” అన్నారు. ఇంటి దగ్గర మూడేండ్ల కూతురుంది నాకు. “ప్రభువా, ఈసారి ఇస్తానని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదేదో చూపించు, చాలు” అన్నాను. నా బ్రతుకులో బేరం లేకుండా చేసిన మొదటి ప్రార్థన అదే.

లైటు వెలిగింది. అరచేతి వెనక దీపం పెడితే వేళ్లు ఎర్రగా కనబడతాయే, అలా వెలుతురు ఇవతలికి వచ్చింది. నీళ్లే! వారంలో ఆపరేషను చేసి తీసేశారు, దేవునికే మహిమ. ఇంటికి పంపుతూ డాక్టరుగారు చెప్పిన మాట ఇది: అక్కడ గడ్డ గానీ, మానని పుండు గానీ, ఒక పక్క పెరగడం గానీ, రంగు మారడం గానీ కనబడితే, నొప్పి లేకపోయినా వచ్చి చూపించుకోవాలి, ఉన్నట్టుండి భరించలేని నొప్పి లేస్తే ఆ గంటలోనే రావాలి.

కోలుకున్నాక ఆదివారం సంఘంలో లేచి, నేను అడిగింది ఏ బుడ్డ కోసమో విప్పి చెప్పాను. గుడి పైకప్పు లేచిపోయేలా అందరూ నవ్వారు, అందరికన్నా పెద్దగా నవ్వింది యోబు మామే. ఆరాధన అయ్యాక ఆయనే నన్ను చింతచెట్టు చాటుకు పిలిచి, చెవి దగ్గరికి వచ్చి అడిగాడు: “అల్లుడూ, ఆ లైటేసే డాక్టరు సోమారం ఉంటాడా?”

ఆయనది మూడు నెలల సంగతట. ఆయనకు వెలుతురు దాటలేదు, సహోదరులారా. గట్టి గడ్డే. ఒక పక్కది తీసేశారు, సమయానికి వచ్చినాడని డాక్టరుగారు అన్నారు. ఈ సాక్ష్యం రాసే నాటికి ఆయన ముందు బెంచీలో కూర్చుని, నాకన్నా గట్టిగా పాడుతున్నాడు.

కాబట్టి నాలాగే పంచె సర్దుకుంటూ ఇది చదువుతున్న అన్నా, నిన్ను చేసినవాని ముందు నీకు సిగ్గెందుకు? ఆయనను నమ్ము, ఉన్నది ఉన్నట్టు చెప్పు, వెళ్లి చూపించుకో. ఒంటరిగా పోలేనంటే ప్రొద్దుటూరులో నా అంగడికి రా. ఎందుకని అడగను, జమ్మలమడుగు దాకా నీతో కలిసి వస్తాను.