గాలి పడవలో మా బావ

మా అక్క భర్తను నేను బావా అనే పిలుస్తాను. గౌరవం మాత్రం ఆయన ఏ పని చేసి సంపాదిస్తాడా అని ఇప్పటికీ చూస్తున్నాను. కొత్త పని ఏది మొదలుపెట్టినా "ఫికర్ జెయ్యకు, వీడియోల జూసిన" అనడం ఆయన అలవాటు. యాభైకి దగ్గరపడ్డాక అలాగే గాలి నింపే కయాక్ పడవ ఒకటి తెప్పించి, మమ్మల్ని నిజాంసాగర్ ఒడ్డుకు తీసుకెళ్లాడు.

ఆయనకు ఈత రాదు. ఆ సంగతి బయట చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకున్నాడు కూడా.

కొత్త బండికి చేసినట్టే కయాక్‌కు పసుపు కుంకుమ పెట్టి, ముందున్న రాయి మీద కొబ్బరికాయ కొట్టాడు. ఆ పెంకుల మీది నుంచే దాన్ని నీళ్లలోకి ఈడ్చాడు. అక్క లైఫ్ జాకెట్ అందిస్తే "ఫొటోల పొట్ట పెద్దగ గనవడ్తది" అని మెత్తలా కిందేసుకుని కూర్చున్నాడు.

"బావా, కిందికెల్లి బుస్సుమని సప్పుడొస్తుంది."

"అది నీ నోరు, మరదలా."

పది గజాలు పోయేసరికి కయాక్ గాలి పోయి చప్పబడి ఆయన్ని మడతలో పెట్టుకుంది. ఆయన తెడ్డు వదిలేసి అక్కను పిలిచాడు. అక్క చీరతోనే నీళ్లలోకి దూకింది.

ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక ముసలాయన తలెత్తి, "లేసి నిలబడు సారూ, నడుం దాక గూడ లేవు నీళ్లు," అన్నాడు.

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. బావకు లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు బిగించి, ఇల్లు చేరేదాకా తియ్యొద్దంది. బాన్సువాడలో చాయ్ కోసం కారు ఆపితే, తెలిసినవాడొకడు "గిదేందన్నా?" అని అడిగాడు. బావ గొంతు సవరించుకున్నాడు.

"మీ అన్నకు ఈత రాదు తమ్మీ," అంది అక్క. "ముందుగాల అది నేర్సుకుంటడు."