పెన్సిల్‌కు చుట్టిన పట్టుపోగు

నిన్న వీడియో కాల్లో మాట్లాడుతూ మాట్లాడుతూ, "అవ్వా, నీ పెన్సిల్‌కు ఆ దారమేంటి?" అని అడిగావు కదా. అది ఉత్త దారం కాదు, పట్టుపోగు. నేను టీచరు ఉద్యోగం విరమించే ఏడాది, గద్వాల బడిలో నాలుగో తరగతి పిల్ల ఒకతి చుట్టి ఇచ్చింది.

ఆ ఏడే మా బడికి ముట్టుకుంటే జవాబిచ్చే పెద్ద తెర వచ్చింది. పాఠాల్లో బొమ్మలు కదిలేవి. ఆ రోజు పట్టుపురుగు పాఠం. గుడ్డు, పురుగు, గూడు వరుసగా కనిపించాక, "తర్వాత ఏమిటి?" అని తెర ఆగింది. కింద రెండే బొమ్మలు: రెక్కల పురుగు, పట్టుదారం.

ఆ పిల్లది మగ్గం ఇల్లు. పొద్దున్నే తల్లికి దారం కండెలు చుట్టి బడికొచ్చేది. ఎన్నడూ నోరు విప్పనిది, ఆ రోజు తనంతట తానే లేచి వచ్చి దారాన్ని నొక్కింది. జవాబు తప్పయితే వచ్చే కోతిబొమ్మ తెర మీద తల అడ్డంగా ఊపింది.

"మగ్గమోళ్ల పిల్లకే పట్టు తెల్వదంట!" అన్నాడు వెనక బెంచీ పిల్లాడు. అందరూ నవ్వారు.

"మా ఇంట్ల దారమే వస్తది టీచర్," అంది సన్నగా.

తప్పు చేసింది నేను. గంట కొట్టేలోపు పాఠం ముగించాలన్న తొందరలో, "వీడియోల ఉన్నదే కరెక్ట్ బిడ్డా, పోయి కూసో," అన్నాను.

వెళ్లి కూర్చుంది. ఆ వారమంతా తెర వైపు తలెత్తలేదు. ఇక ఎప్పటికీ లేవదేమోనని నాకు బెంగ పట్టుకుంది.

ఆదివారం మానవపాడు దగ్గర మల్బరీ పెంచే రైతు ఇంటికి పోయి రెండు గూళ్లు తెచ్చాను. ఒకటి పురుగు తొలుచుకుని బయటికొచ్చేసిన గూడు, ఇంకోటి పురుగు లోపలుండగానే ఎండబెట్టినది. మర్నాడు తరగతిలో, బడి వంటామె ఇచ్చిన వేడినీళ్లలో రెండూ వేసి ఆ పిల్లను పిలిచాను.

"జర దారం తియ్యి బిడ్డా, నాకు వస్తలేదు."

చిల్లుపడిన గూడు దారం ముక్కలు ముక్కలుగా తెగింది. రెండోది తెగకుండా వస్తూనే ఉంది.

"అంటే... పురుగు బయటికొస్తే దారం రాదు. దారం కావాల్నంటే..." అని, పలచబడ్డ గూడులో కదలని పురుగును చూసింది.

"నువ్వు చెప్పింది తప్పు గాదు. తప్పని నేనన్న, గదే తప్పు," అన్నాను అందరి ముందూ.

ఆ రోజు ఎగతాళి చేసినవాడు చెయ్యి చాపాడు. "నాకు జర ఇయ్యవే!"

"నీ చేతులల్ల తెగుతది, పో!"

మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి ఆ పిల్ల కూడా.

నా పెన్సిల్ తీసుకుని, కండె చుట్టినట్టే ఆ పోగంతా చుట్టి నా చేతిలో పెట్టింది. ఆ వెంటనే తలెత్తి తెర దగ్గరికి నడిచింది. వెనక నుంచి అడిగాను. వినపడిందో లేదో.

"నా మీద కోపం పోయిందా బిడ్డా?"