నొక్కితే నొప్పి లేని భుజం

2022, తమిళుల ఆడి నెల. పాలక్కాడు కనుమ నుంచి వచ్చే గాలికి కోయంబత్తూరు దగ్గరి మా కినత్తుకడవు తోటల్లో కొబ్బరి మట్టలు ఆగకుండా రాలే కాలం. మా ఇంటి పంచలో ఒక బల్ల, ఒక చాప, ఆముదం గిన్నె. అక్కడ కూర్చుని నేను సుళుక్కు పడతాను. బెణికిన మెడనో, నడుమునో, చీలమండనో నూనె రాసి సరిచేయడాన్ని మా వైపు అలా అంటారు. మా అత్త నేర్పిన పని. నలభై ఏళ్ళుగా చేస్తున్నాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను కాబట్టి చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆ రోజు పొద్దున పదింటికి మా వీధి రంగనాయకి కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలి పేరు కవిత. ఇరవై తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు.

“అక్కా, నిన్న కాయల బుట్ట ఎత్తింది. ఎడమ భుజం పట్టుకోనుండాది. రవంత నూనె వేసి పంపు. ఇంట్లో పని అట్లే పడి కిడక్కుతు” అంది రంగనాయకి.

“నీ చేతులు ఏమైనాయి? వాటికీ సుళుక్కేనా?” అన్నాను.

రంగనాయకి నవ్వింది. కవిత నవ్వలేదు.

బెణికిన భుజంలో ఎక్కడో ఒక ముడి ఉంటుంది. వేలికి గోలీకాయలా తగులుతుంది. నొక్కితే మనిషి ఎగిరిపడతాడు. చెయ్యి పైకెత్తమంటే సగంలో ఆగిపోతాడు. కవిత భుజంలో ముడి లేదు. ఎముక అంచు దాకా నొక్కాను.

“నొస్తుందా అమ్మిణీ?”

“లేదవ్వా.”

“చెయ్యి ఎత్తు.”

నెత్తి మీద దాకా ఎత్తింది. “లోపల్నించి వస్తుందవ్వా. మీ వేలి కింద లేదు” అంది.

మెడ నుంచి రుద్దుదామని చాప మీద పడుకోమన్నాను. వెల్లకిలా పడుకుందో లేదో “అయ్యో, భుజం!” అని అరిచి లేచి కూర్చుంది. కూర్చుంటే తగ్గింది. నొక్కితే లేని నొప్పి పడుకుంటే రావడం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడే ఆగి ఉండాల్సింది. ఆగలేదు. రంగనాయకి అంది కదా, “కడుపు కూడా నొస్తుందంటాది. బరువెత్తి కుడలు ఏరినట్టుండాది. అదీ దించెయ్యి.” బరువెత్తితే పేగు పైకెక్కుతుందని, నూనె రాసి తోస్తే దిగుతుందని మా ఊళ్ళలో నమ్మకం. నేనూ నమ్మినదాన్నే. ఎందరికో దించాను కూడా. అలవాటుగా అరచేతిలో నూనె పోసుకుని కవిత పొత్తికడుపు మీద చెయ్యి పెట్టాను.

కడుపు పలకలా బిగిసి ఉంది. కవిత నా మణికట్టు పట్టేసుకుంది. ఆ వేళ్ళు చల్లగా, చెమటగా ఉన్నాయి. కనురెప్ప కిందికి లాగి చూశాను. ఎరుపు లేదు.

చెయ్యి తీసేశాను.

అంతకు రెండేళ్ళ ముందు మా ఊళ్ళకు తిరిగే నర్సమ్మ ఇదే పంచలో నన్ను నిలబెట్టి తిట్టింది. “ఈడున్న ఆడది ఎవరైనా కడుపు నొప్పి అని వస్తే, నెల తేదీ అడగకుండా చెయ్యి వేయొద్దు” అంది. గర్భసంచిలో పెరగాల్సిన పిండం ఒక్కోసారి దానికి వెళ్ళే సన్నటి ట్యూబులోనే ఆగిపోతుందట. దాన్ని ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారట. పిండం పెరిగితే ట్యూబు పగులుతుంది, నెత్తురంతా కడుపులోకే కారుతుంది, బయటికి నాలుగు చుక్కలే కనిపిస్తాయి అని చెప్పింది. నిన్న పుట్టిన పిల్ల నాకు చెప్పేదేమిటని అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ రోజు మాత్రం ఆమె చెప్పినట్టే అడిగాను.

“తలకు పోసుకొని ఎన్నాళ్ళాయె?”

కవిత నోరు తెరవకముందే రంగనాయకి అందుకుంది. “దాన్నెందుకు అడిగేది? రెండో బిడ్డకే ఆపరేషన్ అయిపోయెనే!”

“నిన్ను అడగలేదు. నీకు నిలిచి పదేళ్ళాయె. నువ్వు చెప్పు అమ్మిణీ.”

కవిత తల దించుకుంది. “ఈ తడవ పన్నెండు దినాలు తప్పిపోయె అవ్వా. అప్పురం కొంచెం కొంచెంగా, డికాక్షన్ మాదిరి నల్లగా. ఐదు దినాలుగా అట్లే ఉండాది.”

“ఎవరికైనా చెప్పినావా?”

“ఆపరేషన్ అయినాక ఏమని చెప్పేది? ఊరు నవ్వదా?”

“నొప్పి ముందు ఎక్కడ వచ్చె?”

“ఎడమ పక్క, అడుగు కడుపులో. పొద్దున దొడ్డికి పోవల్ల అనిపించె. పోతే రాలేదు. కండ్లు తిరిగి గోడ పట్టుకొంటి.”

ఇక అడగడానికేమీ లేదు. “రంగనాయకీ, 108కి ఫోన్ చెయ్యి” అన్నాను.

“నీకు చేత కాలేదని చెప్పక్కా. అన్నూరులో ఒకాయన ఉండాడంట, ఒక్క ఈడుపులో తీస్తాడంట. ఆడికి పిల్చుకుపోతా.”

“అన్నూరు చేరేలోపు దారిలోనే ఈ బిడ్డ పోతుంది.”

“నోరు కడుక్కో అక్కా!”

“అప్పురం కడుక్కుంటా. ముందు ఫోన్ చెయ్యి.”

చేసింది. బండి వచ్చేలోపు కోడలికి కాఫీ పట్టిస్తానంది. వద్దన్నాను. ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

కోయంబత్తూరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసుది. తమిళంలో ఏమైందని అడిగింది. రంగనాయకి సుళుక్కు అంది, గ్యాస్ అంది, ఆపరేషన్ అయిందనీ అంది. నేను ముందుకు వచ్చి, నెల తప్పింది, నల్లగా కనిపిస్తోంది, భుజం నొక్కితే నొప్పి లేదు, పడుకుంటే ఉంది అని చెప్పాను.

ఆమె తలెత్తి చూసింది. “మీరు నర్సా?”

“కాదమ్మా. సుళుక్కు పడతాను.”

యూరిన్ టెస్ట్ చేయించింది. కార్డు మీద రెండు గీతలు. గర్భమే. స్కాన్ చేస్తే గర్భసంచి ఖాళీ, కడుపు నిండా నెత్తురు. “ట్యూబు పగిలింది. వెంటనే ఆపరేషన్ చేయాలి” అంది డాక్టరమ్మ.

అప్పుడు రంగనాయకి అడ్డం తిరిగింది. కొడుకు లారీ తీసుకుని కొచ్చి పోయాడు. ఫోన్ తగలడం లేదు. “వాడు రానీ, వాడే సంతకం పెట్టల్ల” అని కాగితం ముట్టుకోనంది.

“కవిత తెలివిలోనే ఉంది. ఆమె సంతకమే చాలు” అంది డాక్టరమ్మ.

“రేపు నా కొడుకు వచ్చి అడిగితే నేను ఏమి చెప్పేది?”

“బతికి ఉండాది అని చెప్పు” అన్నాను.

రంగనాయకి కోడలి వీపు వెనక చెయ్యి వేసి లేపి పట్టుకుంది. కవిత వంకరగా, సగం పేరే రాసింది. అది చాలంది డాక్టరమ్మ.

పగిలిన ట్యూబు తీసేశారు. నెత్తురు ఎక్కించారు. సాయంత్రానికి కవిత కళ్ళు తెరిచింది. నెత్తురు కడుపులో పైకి చేరి ఊపిరితిత్తుల కింది పొరను తాకితే, అక్కడి నరం దారిలో నొప్పి భుజంలో తెలుస్తుందని డాక్టరమ్మ విడమరచి చెప్పింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన ట్యూబు అరుదుగా మళ్ళీ అతుక్కుంటుందట. అలాంటప్పుడు గర్భం వస్తే ట్యూబులోనే ఆగే ప్రమాదం ఎక్కువట. ఇంతకుముందు ఒకసారి ఇలా జరిగినవాళ్ళకు, ట్యూబులకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళకు, కాపర్-టీ ఉండగా గర్భం వచ్చినవాళ్ళకు కూడా ఈ భయం ఉందట. ఇవేవీ లేనివాళ్ళకూ రావచ్చట.

తరువాత నన్ను అడిగింది, “కడుపు రుద్దారా?”

“చెయ్యి వేశాను. రుద్దలేదు.”

“మంచి పని చేశారు” అంది.

ఆ మాట నాకు సంతోషం ఇవ్వలేదు. ఆ వరండాలో కూర్చుని పాత రోజులు తలచుకున్నాను. తేదీ అడగకుండా ఎన్ని కడుపులు తోశాను? ఇంటికి పోయాక వాళ్ళలో ఎవరికేమైందో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. నా చేతివాసి మంచిదని నలభై ఏళ్ళు అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. బాగుపడినవాళ్ళే తిరిగివచ్చి చెబుతారన్న సంగతి నాకు తోచలేదు.

ఆనాటి నుంచి కడుపు రుద్దడం మానేశాను. భుజమైనా, నడుమైనా ఈడున్న ఆడదైతే ముందు నెల తేదీ అడుగుతాను. తప్పిందా, తేడాగా కనిపిస్తోందా, ఒక పక్క పొత్తికడుపు నొస్తోందా, కళ్ళు తిరుగుతున్నాయా అని అడుగుతాను. ఆపరేషన్ అయిందన్నా అడుగుతాను. పక్కన అత్త ఉంటే ఆమెను బయట కూర్చోబెట్టి అడుగుతాను. వీటిలో ఒక్కటి ఉందన్నా నూనె ముట్టను, ఆసుపత్రికి పొమ్మంటాను. రేపు కాదు, అప్పుడే.

కోపం వచ్చి లేచి వెళ్ళబోయినవాళ్ళు ఉన్నారు. ఎక్కడికని అడుగుతాను. ఆసుపత్రికైతే సరే. ఇంటికి అంటే, చెప్పులు వేసుకుని నేనూ వెంట పోతాను. వాళ్ళు ఆసుపత్రికి బండెక్కేదాకా వాళ్ళ గడపలో కూర్చుంటాను.