భీమమ్మ పట్టిన మైల

కైరుప్పలలో భీమమ్మ మాటకు విలువ ఎక్కువ. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె అబద్ధమాడగా విన్నవారు లేరు. పొరుగువారి తగాదాలో ఎవరైనా “భీమమ్మను అడుగుదాం” అంటే, ఆపై వాదన సాగేది కాదు. భర్త సుంకప్ప ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోయి, ఉగాది దాటిన తర్వాత గాని తిరిగి రాడు. ఆ నెలల్లో ఇల్లు, పాడి ఎనుములు, ఊరితో వ్యవహారం, అన్నీ ఆమెవే.

పోలండ్ నుంచి వచ్చి ఆదోనిలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతున్న టొమెక్ అనే యువకుణ్ని, ఊరి బతుకు తెలుసుకొమ్మని, అక్కడి స్వచ్ఛంద సంస్థవారు ప్రతి ఆదివారం ఆమె ఇంటికి పంపేవారు. భీమమ్మ అతణ్ని తోమప్ప అని పిలిచేది. అతడు జొన్నరొట్టె తిని, ఆమె పక్కన కూర్చుని పిడకలు చరిచేవాడు. ఒకనాడు ఎడమవైపు నుంచి వచ్చిన ఎనుము కొమ్మును గమనించక దెబ్బ తిన్నాడు. చిన్ననాడే తన ఎడమకంటి చూపు పోయిందని అప్పుడు చెప్పాడు. ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకున్నాడు. తెలిసిన ప్రతివారూ జాలిపడతారని, ఆ జాలి తనకు సహించదని అతని బాధ.

ఆ సంవత్సరం ఉగాది ఆదివారం నాడే రావడంతో టొమెక్ ఆ రాత్రికి అక్కడే ఆగాడు. మరునాడు పిడకల సమరం. ఊరు రెండు పక్షాలై ఎండిన పిడకలు విసురుకునే ఆ వేడుకలో తలలు పగలడం, గాయానికి విభూతి అద్దుకుని నవ్వుతూ ఇంటికి పోవడం కొత్త కాదు. సాయంత్రానికే వీధుల్లో పిడకలు కుప్పలుగా లేచాయి. అరుగుల మీద మగవారు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆకు కదలడం లేదు.

భీమమ్మవాళ్ల పక్షానికి పెద్దయిన ఎర్రిస్వామి ఆమె గడప ముందు నిలిచాడు. అతని కుడికన్ను తెల్లగా పూసి ఉంది. అది ఒకనాటి పిడక చేసిన పని.

“ఏమక్కా, తోమప్ప మన పక్కే గదా? ఈ ఇంటి కూడు తిన్నోడు ఆ పక్కకు పోతాడా?”

“సుట్టంగా వచ్చినోడు, ఎర్రిసామీ. వాన్ని ఇడిసిపెట్టు.”

“సుట్టమైతే ముందు వరసలో నిలబెడతాం. పొడుగు మనిషి, ఆ పక్కోళ్లకు గురి సూసేదానికి సుకం.” అతడు నవ్వాడు. “బయపడాకులే. కన్ను పోతే ఏమి, నాకు పోలేదా? దేవుడు ఇంకోటి ఇచ్చినాడు.”

“నేను వస్తాను, అన్నా. మాట,” అన్నాడు టొమెక్.

ఎర్రిస్వామి వెళ్లిన తర్వాత భీమమ్మ అతని చేయి పట్టుకుంది. “పోవద్దు నాయనా.”

“మాట ఇచ్చినాను, అమ్మా. నువ్వు కూడా ఇచ్చినావు.”

మరునాడు మగవారు పిలవడానికి వచ్చేసరికి భీమమ్మ పొయ్యిలో నీళ్లు పోసి, జుట్టు విరబోసుకుని గడపకు అడ్డంగా కూర్చుని ఉంది.

“ఫోన్ వచ్చిందప్పా. మాకు మైల. ఈ పిల్లోడు ఈ ఇంటి కూడు తిన్నోడే అంటివి గదా. వాడూ వాకిలి దాటగూడదు.”

“ఎవురక్కా పోయింది?” అన్నాడు ఎర్రిస్వామి.

ఆ ప్రశ్నకు ఆమె జవాబు సిద్ధం చేసుకోలేదు. భర్త వంశంలో బతికి ఉన్నవారందరూ ఒక్కొక్కరుగా ఆమె కళ్లముందు మెదిలారు.

“బళ్లారి సిన్నమామ. ఉచ్చీరప్ప.”

చెప్పింది భీమమ్మ గనుక ఎవరూ సందేహించలేదు. మైల అంటుతుందని వారు వెనక్కి జరిగారు. టొమెక్ తలవంచుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

వీధి చివర కేకలు మొదలయ్యాయి. దుమ్ము లేచి ఎండను కప్పింది. ఇరుగుపొరుగు ఆడవారు వచ్చి వాకిట్లో కూర్చుని ఉచ్చీరప్ప మంచితనాన్ని తలచుకోసాగారు.

“బంగారట్లా మనిషి,” అని మల్లేశ్వరి ముక్కు చీదింది. “శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికాడ కనపడినాడు. నా తలమీద సెయ్యి పెట్టినాడు. బాగుండె గదమ్మా, ఏమొచ్చిందో.”

భీమమ్మ కూడా ఏడవవలసి వచ్చింది. కళ్లనీళ్లు నిజంగానే వచ్చాయి. ఆపబోతే ఆగలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. చేలో పని జరిగే వేళ సుంకప్ప ఏనాడూ ఫోన్ చేసినవాడు కాడు. తెర మీద అతని పేరే ఉంది.

“అమ్మా, ఫోన్,” అని టొమెక్ అందించాడు.

భీమమ్మ అతని కుడికంటి వైపు చూసింది. తన అబద్ధం భర్త దాకా పోయిందో, లేక నిజమే అయిందో తెలియక చేయి చాచలేదు. ఫోన్ ఆగింది. వాకిట్లోని ఏడుపూ ఆగింది. ఆడవారందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది.