పెట్టని పొగగొట్టం

పోయిన వారం మా ఇంట్లో ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్ గోడ ప్లగ్గులో మీటరు పెట్టి, "రెండు వందల ముప్ఫై ఓల్టులు, ఫుల్లుంది సార్" అన్నాడు. నేను ఆ అంకె వైపే చూస్తూ నిలబడిపోయాను. చండ్రుగొండ దగ్గరి మా పాత ఇంట్లో ఒక చలికాలమంతా నేను ఎదురుచూసిన అంకె అది.

ఆ పెంకుటింటికి తొంభైల మొదట్లో స్లాబ్ పోయించాలనుకున్నాం. తల్లి పోయిన నన్ను పెంచిన మేనత్త మాతోనే ఉండేది. పుష్యమాసంలో అడవి మీది నుంచి దిగే చలికి ఆమె మోకాళ్లు కర్రల్లా బిగుసుకుపోయేవి, వేళ్లు వంగేవి కావు. అందుకని మంచం పక్కనే కట్టెబొగ్గుల కుంపటి. పెంకుల సందుల్లోంచి పొగ దాని దారిన అది పోయేది. పోగా మిగిలింది ఆమె చీరల్లో, దుప్పట్లో, నాకు దాచిపెట్టే అటుకుల్లో ఉండేది. పొగ వాసన లేని అటుకులు నాకు ఈనాటికీ చప్పగానే ఉంటాయి. కానీ స్లాబ్ కింద, తలుపు మూసిన గదిలో కుంపటి పెడితే మనిషి నిద్రలోనే పోతాడని నాకు తెలుసు. మరి దాని బదులు ఏం పెట్టాలి?

మేస్త్రి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "మూలకు పొయ్యిగూడు కట్టి స్లాబ్ల నుంచి గొట్టం లేపుత సారూ. తొవ్వ ఇప్పుడే ఇడవాలె. పోసినంక పలుగు పెడ్తే ఉరుస్తది, అప్పుడు నన్ను తిట్టొద్దు" అన్నాడు. తొవ్వ ముందే విడిచినా గొట్టం పక్కల నుంచి వానకు ఉరుస్తుందని నా భయం. ఏడో తరగతితో బడి మానేసి, కలప డిపోలో దుంగలు కొలుస్తూ, పాత పుస్తకాలు ముందేసుకుని లెక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను. గదిని కూడా దుంగను కొలిచినట్టే కొలిచాను. పది అడుగులు, పన్నెండు అడుగులు, ఎత్తు పది. పన్నెండు వందల ఘనపుటడుగుల గాలి. వెయ్యి వాట్ల కరెంటు హీటరు చాలునని తేల్చాను. కాగితం పట్టుకెళ్లి అత్తకు చూపించాను.

"నిప్పంటే కండ్లకు కనబడాలె అల్లుడా. తీగ ఎర్రగైతే నిప్పైతదా?" అంది.

"పొగ ఉండదత్తా, బూడిద ఎత్తే పని లేదు."

"నాకు సదువు రాదని లెక్క జూపిస్తన్నవా?" అని నవ్వింది. ఆ నవ్వును నేను ఒప్పుకోలు అనుకున్నాను. మేస్త్రికి గొట్టం వద్దన్నాను. స్లాబ్ పడింది. చుక్క నీరు దిగలేదు.

చలి మొదలయ్యాక తెలిసింది. తెల్లవారుజామున, సరిగ్గా ఆమెకు వేడి కావలసిన వేళకు, హీటరు తీగ వాడిపోయిన మోదుగుపువ్వు రంగులో ఉండేది. "ఏందిరా గిది, మిణుగురు పురుగును దెచ్చి పెట్టినవా?" అనేది అత్త, అరచేతులు దాని ముందు చాపి. లైన్‌మన్ మీటరు తెచ్చి చూశాడు. నూట యాభై. "బావులకాడ మోటర్లన్నీ గప్పుడే ఏస్తరు, నేనేం జేయాలె?" అన్నాడు. మూడింట రెండు వంతుల వేడైనా వస్తుంది కదా అనుకున్నాను. అదీ తప్పే. కరెంటు బలం తగ్గితే వేడి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. మళ్లీ పుస్తకం తీసి లెక్క వేసి చూస్తే సగం కూడా రావడం లేదు. రెండో హీటరు తెచ్చి పెడితే ఫ్యూజు ఎగిరిపోయింది.

ఒకరోజు అత్త ఎవరికీ చెప్పకుండా మంచం వసారాలోకి లాక్కుని పక్కన కుంపటి పెట్టుకుంది. బయట గాలి ఆడుతుంది, పొగతో ప్రమాదం లేదని నేనూ ఊరుకున్నాను. కుంపటి వైపు ఒళ్లు కాలేది, రెండోవైపు మంచు కొట్టేది. "ఇటు కాలినంక అటు తిర్గుత, జొన్నరొట్టె లెక్క" అని మా ఆవిడతో అనేదట. పదిహేనో రోజుకు దగ్గు, ఆ వెంటనే జ్వరం. కొత్తగూడెం దవాఖానాలో చేర్చి, నేను ఉరుకులు పరుగుల మీద మేస్త్రి దగ్గరకు పోయాను, స్లాబ్ పగలగొట్టి గొట్టం పెట్టమని. "అమ్మ రాంగనే మొదలువెడ్దాం సారూ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

దవాఖానాలో ఒక్కో మంచం చుట్టూ నలుగురైదుగురు. అత్త చేయి పట్టుకుంటే వేళ్లు వంగుతున్నాయి. "ఈడ మంది ఊపిరికే ఎచ్చగుంది అల్లుడా. జల్దీ తీస్కపోకు" అంది. తొమ్మిదో రోజున తీసుకుపోయాను, అప్పటికి ఆమె లేదు.

నాకిప్పుడు ఆమె వయసు దగ్గరపడుతోంది. కార్తీకం దాటితే పొద్దున్నే మంచం దిగడానికి గోడ పట్టుకుంటున్నాను. ఆమెకు ఎంత చలి వేసిందో తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది.