శోభనాద్రిగారు పెంచిన జట్టు

యాభై ఎనిమిదిలో గుడివాడ వాలీబాల్ పోటీల్లో మేం ఓడిపోయిన తీరు చూసి జనం నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జాలిపడ్డారు. పదిహేను పాయింట్ల గేములో మాకు వచ్చినవి రెండు. అందులో ఒకటి అవతలివాడు కాలుజారి పడితే వచ్చింది.

ఆ జట్టుకి కెప్టెన్‌ని నేనే. పేరు ఏసుపాదం. బందరు కోనేరు సెంటర్లో ఒక బట్టలకొట్టు అరుగు మీద నా కుట్టుమిషను. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. వాలీబాల్‌కి ఆ ఎత్తు చాలదని నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాణ్ని కాదు. నన్ను కెప్టెన్‌ని చేసింది నా ఆట కాదు. బంతి నాది, చిరిగితే కుట్టేవాణ్నీ నేనే.

మా ఆరుగురిలో నిజంగా ఆట వచ్చినవాడు బాజి ఒక్కడే. చిలకలపూడిలో గిల్టు నగలకి మెరుగుపెట్టే పని వాడిది. నేను బంతిని ఎంత వంకరగా లేపినా వాడు ఎగిరి అవతలి నేలకి కొట్టేవాడు. పదేళ్లుగా సాయంత్రాలు పరాసుపేట ఇసకలో కలిసి ఆడుతున్నాం. నన్ను బావా అని పిలిచేవాడు.

ఓడిపోయి సైకిళ్లెక్కబోతుంటే శోభనాద్రిగారు నన్ను పిలిపించారు. గుడివాడలో ఆయనకి రెండు రైసు మిల్లులు. మమ్మల్ని ఓడించిన జట్టుని పెంచుతున్నది ఇంకో మిల్లు యజమాని సాంబశివరావుగారు. వాళ్లిద్దరికీ ఏనాటినుంచో పడదు.

"మీ జట్టుకి పెద్దదిక్కు ఎవరన్నా ఉన్నారా?" అన్నారు.

"లేరండి."

"ఇవాళ్టినుంచి నేనున్నాను. సాంబశివరావు మీద గెలవాలి, అంతే. ఖర్చు సంగతి నాకొదిలెయ్."

మా ఆట నచ్చి చేరదీశారని ఇంటికొచ్చి మా ఆవిడ ఆనందమ్మతో చెప్పాను. ఆమె చేపలు కడుగుతోంది. "గుడివాడలో వేరే జట్లు లేవాండీ?" అంది. ఉన్నాయిగాని, కాస్త ఆడగలిగినవాళ్లందర్నీ సాంబశివరావుగారు ముందే తీసేసుకున్నారని తర్వాత తెలిసింది. మిగిలింది మేమే.

నెల తిరక్కుండా సరంజామా దిగింది. కొత్త నెట్టు, నాలుగు తోలు బంతులు, తెల్ల క్యాన్వాసు బూట్లు, మనిషికి రోజూ రెండు గుడ్లు, అరసేరు పాలు. మద్రాసులో ఆడొచ్చిన కోచ్ ఒకాయన కూడా దిగాడు. చొక్కాలు కుట్టే పని నాకే ఇచ్చి, వీపు మీద శోభనాద్రిగారి పేరు ఎర్రదారంతో కుట్టమన్నారు. నా చొక్కా మీద 'కెప్టెన్' అని కూడా కుట్టుకున్నాను. అది ఎవరూ చెప్పలేదు.

ఊహ తెలిసినప్పటినుంచీ ఉత్తికాళ్లతో ఆడినవాళ్లం. బూట్లు వేసుకున్నాక ఇసకలో కాలు ఎక్కడ పడుతోందో తెలిసేది కాదు. గుడ్లూ పాలూ పట్టాక నాకు ఆట మధ్యలోనే ఆవులింతలు. గూడూరు జట్టు మాకంటే అధ్వాన్నం. కొత్త చొక్కాలతో వెళ్లి వాళ్ల చేతిలో కూడా ఓడిపోయి వచ్చాం.

శోభనాద్రిగారు కోప్పడలేదు. "బట్టలు మారిస్తే సరిపోదన్నమాట. మనుషుల్ని మార్చాలి" అన్నారు, మిల్లులో బెల్టు మార్చమన్నంత మామూలుగా.

గుంటూరునుంచి ఇద్దరు, నెల్లూరునుంచి ఇద్దరు వచ్చారు. అందరూ ఆరడుగులవాళ్లు. పేరుకి మిల్లులో గుమాస్తాలు. మాలో తీసేసేవాళ్ల పేర్లు కోచ్ చీటీ మీద రాసి, కెప్టెన్‌గా సంతకం పెట్టమని నాకిచ్చాడు. నలుగురొస్తే నలుగురు పోవాలి. చీటీలో ముగ్గురి పేర్లే ఉన్నాయి. ఆ తేడా నాకు తట్టలేదు. మొదటి పేరు బాజిది.

"ఎగురుతాడుగాని పొట్టి. ముప్పై దాటాయి కూడాను" అన్నాడు కోచ్.

నేను బాజికంటే రెండంగుళాలు పొట్టి, మూడేళ్లు పెద్ద. ఆ సంగతి ఆయనకి ఎక్కడ గుర్తొస్తుందోనని గబగబా సంతకం పెట్టేశాను.

ఆ సాయంత్రమే చిలకలపూడి వెళ్లి బాజికి చెప్పాను. జట్టు బాగుకోసమనీ, అయ్యగారి మాట కాదనలేకపోయాననీ ఏవేవో చెప్పాను. వాడు వేళ్లకంటిన మెరుగుపొడి తుడుచుకుంటూ విన్నాడు.

"బూట్లు తిరిగివ్వాలా బావా?"

"అక్కర్లేదనుకుంటా."

"తీసుకెళ్లిపో. నాకు కరుస్తున్నాయి."

ఆ జత సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని ఇంటికొచ్చాను. ఆనందమ్మ బూట్లని చూసింది, నన్ను చూసింది, చేట తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. 

తర్వాత మేం గెలవడం మొదలుపెట్టాం. 'మేం' అనడం నాకు అలవాటు. కెప్టెన్ అన్నవాడు బయటినుంచి ఆట గమనించాలని కోచ్ చెబితే, అదొక గౌరవం అనుకున్నాను. నాణెం ఎగరేసినప్పుడు బొమ్మో బొరుసో చెప్పొచ్చి బెంచీ మీద కూర్చునేవాణ్ని. కూచిపూడిలో గెలిచాం, చల్లపల్లిలో గెలిచాం. కొట్టు దగ్గరికి వచ్చినవాళ్లు నన్ను మెచ్చుకుంటే కాదనలేదు.

అవనిగడ్డ పోటీల ఫైనల్లో సాంబశివరావుగారి జట్టు ఎదురైంది. చెరో గేము గెలిచాం. మూడో గేము తొమ్మిది, తొమ్మిది మీదుండగా నెల్లూరువాళ్లలో ఒకడు చీలమండ బెణికి కూలబడ్డాడు. బెంచీ మీద మిగిలింది నేనొక్కణ్నే.

"ఏసుపాదం, దిగు" అన్నారు శోభనాద్రిగారు.

ఆ మాటకోసం ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నాను. లేచాను. అవతల నెట్టు పైనుంచి నలుగురి మోచేతులు కనిపిస్తున్నాయి. కాళ్లు ముందుకు రాలేదు. అప్పుడు తాడు అవతల జనంలో బాజి కనిపించాడు. అంతదూరం సైకిలు తొక్కుకుంటూ మా ఆట చూడ్డానికి వచ్చాడు.

అప్పుడు నేను చేసినదాన్ని త్యాగమని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. అచ్చంగా భయం. తాడు దగ్గరికెళ్లి, "నువ్వు దిగరా బాజీ" అన్నాను.

"నా పేరు కొట్టేశారుగా."

"కొట్టేసింది నేనే. మళ్లీ రాస్తాను."

"ఎందుకు కొట్టేశావు బావా?"

అంతమందిలో అడిగాడు. అబద్ధం వెతుక్కునే వ్యవధి లేదు. "లేకపోతే నన్ను కొట్టేస్తారని" అన్నాను.

 వాడు చెప్పులు విడిచి నా చేతికిచ్చి తాడుకింద దూరి లోపలికొచ్చాడు.

పదిహేను, పదమూడుతో గెలిచాం. ఆఖరి మూడూ బాజివే. ఫోటో తీసేటప్పుడు కెప్టెన్‌ని ముందుకి రమ్మన్నారు. వెళ్లాను. బాజి తన చెప్పులు అడిగి తీసుకుని, ఫోటోకి ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ ఫోటోలో నా నవ్వు చూస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

సాంబశివరావుగారు పంతం వదిలేసి సినిమాహాలు కట్టడం మొదలుపెట్టారు. దాంతో శోభనాద్రిగారికీ సినిమాహాలు కావాల్సొచ్చింది. గుడ్లూ పాలూ ఆగిపోయాయి. ఆరడుగులవాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు. నెట్టు మాత్రం అడగడం మరిచిపోయారు.

పాతవాళ్లం మళ్లీ పరాసుపేట ఇసకలో చేరాం. బాజి రెండు వారాలు రాలేదు, మూడోవారం వచ్చాడు. నేను అడక్కముందే అందరూ వాణ్ని కెప్టెన్ అన్నారు. మరుసటి నెల పెడన జట్టుతో ఆడితే వాడు నన్ను కూడా ఆడించాడు. ఓడిపోయాం. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే, ఆనందమ్మ అన్నం వడ్డిస్తూ, ఎంత తేడాతో అని, నా ఆట గురించి మొదటిసారి అడిగింది.